దవాఖానలో కంటిని మరవద్దు

బెంగుళూరు రోడ్డు మీద శంషాబాదు దాటినాక పాల్మాకుల వస్తుంది. పైన విమానాలు పోతుంటాయి. పక్కన లారీలు, బస్సులు పోతుంటాయి. 2008లో శంషాబాదులో విమానాశ్రయం మొదలైంది. అప్పటి నుండి దేశదేశాల మనుషులు ఈ దారిన వస్తున్నారు, పోతున్నారు. మనుషులు తిరిగే చోటికి రోగాలూ వస్తాయి. 2009 మే నెలలో అమెరికా నుండి వచ్చి ఇక్కడ దిగిన ఒక ప్రయాణికుడికి స్వైన్ ఫ్లూ ఉన్నట్టు తేలింది. మన దేశంలో అదే మొదటి కేసు. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది. ఆ మనిషి దుబాయి నుండి బెంగుళూరుకు విమానంలో వచ్చాడు. అక్కడి నుండి హైదరాబాదుకు బస్సులో వచ్చాడు. గాంధీ దవాఖానలో వైద్యం చేశారు. నయమై ఇంటికి పోయాడు.

స్వైన్ ఫ్లూ, కరోనా రెండూ వైరస్ వల్ల వచ్చే జబ్బులే. చాలామందికి జలుబు, దగ్గు, జ్వరంతో పోతాయి. కొందరికి మాత్రం ఊపిరితిత్తుల దాకా దిగుతాయి. దమ్ము అందదు. ఆక్సిజన్ పెట్టాలి. ఇంకా ముదిరితే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటరు మిషనుతో శ్వాస ఇస్తారు. అప్పుడు ఇంటివాళ్ళ చూపంతా ఆక్సిజన్ అంకె మీదే ఉంటుంది. 85 ఉందా? 92 ఉందా? డాక్టర్ల చూపూ అక్కడే. అది న్యాయమే. ప్రాణం ముందు. కాని ఆ రోజుల్లోనే రోగి కళ్ళు చెడిపోవచ్చు. ప్రాణం దక్కి చూపు పోయినవాళ్ళు ఉన్నారు.

ఊపిరితిత్తుల జబ్బుకూ కంటికీ ఏమిటి సంబంధం?

మనం నిమిషానికి పది పదిహేను సార్లు రెప్ప వేస్తాం. మనకు తెలియకుండానే వేస్తాం. రెప్ప పడినప్పుడల్లా కన్నీరు పలుచగా కన్నంతా పరుచుకుంటుంది. దుమ్ము కడుక్కుపోతుంది. నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఒకటి ఉంది. అది ఎప్పుడూ తడిగా ఉండాలి. తడి ఉంటేనే అది బాగుంటుంది.

మిషను మీద ఉన్న రోగికి మత్తుమందు ఇస్తారు. ఒక్కోసారి ఒళ్ళు కదలకుండా ఇంకో మందు కూడా ఇస్తారు. అప్పుడు రెప్ప వేయడం ఆగిపోతుంది. రెప్పలు పూర్తిగా మూసుకోవు. నడుమ సందు ఉంటుంది. చూసేవాళ్ళకు మాత్రం నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. ఆ సందులోంచి కంటికి గాలి తగులుతుంది. మాస్కు వదులుగా ఉంటే ఆక్సిజన్ గాలి పైకి తన్ని కంట్లోనే కొడుతుంది. నీళ్ళు లేని మడి ఎండినట్టు ఆ పొర ఎండుతుంది. దాని మీద సన్నటి పుళ్ళు లేస్తాయి. క్రిములు చేరితే పుండు పెద్దదవుతుంది. పుండు మానినా తెల్లమచ్చ మిగులుతుంది. దాన్నే ఊళ్ళలో కంట్లో పువ్వు అంటారు. పువ్వు నల్లగుడ్డు నడుమ పడిందంటే చూపు పోయినట్టే. మత్తులో ఉన్న మనిషి "కన్ను మండుతోంది" అని చెప్పలేడు. చిక్కంతా అక్కడే ఉంది.

కరోనా కాలంలో రోగులను బోర్లా పడుకోబెట్టారు. రోజుకు పన్నెండు, పదహారు గంటలు కూడా అలాగే ఉంచారు. ఊపిరితిత్తులకు అది మంచిది. కాని ముఖం ఉబ్బుతుంది. కన్ను దిండుకు ఒత్తుకుంటే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. చూపు నరం దెబ్బతినవచ్చు. అందుకని తలను పక్కకు తిప్పి పెట్టాలి. కన్ను దేనికీ ఆనకూడదు. తల వైపు మంచం కొంచెం ఎత్తుగా ఉండాలి.

కంటిని కాపాడే పనికి పెద్ద మిషన్లు అక్కరలేదు. టార్చిలైటు వేసి చూస్తే చాలు, రెప్పలు మూసుకున్నాయో లేదో తెలుస్తుంది. దవాఖానలోని శుభ్రమైన నీళ్ళతో దూది తడిపి కళ్ళు తుడవాలి. రెప్పల నడుమ సందు ఉంటే కన్ను ఎండకుండా ఆయింటుమెంటు నాలుగు గంటలకోసారి పెట్టాలి. నల్లగుడ్డు కూడా కనిపిస్తుంటే మందు పెట్టి, రెప్ప దించి, అంటుపట్టీ వేయాలి. పొడి గాజుగుడ్డ కంటి మీద పెట్టకూడదు. అది నల్లగుడ్డును గీసుకుంటుంది. గొంతులోని తెమడ తీసే గొట్టాన్ని కళ్ళ మీదుగా లాగకూడదు. తెమడలోని క్రిములు తెరిచిన కంట్లో పడితే పుండు చాలా తొందరగా ముదురుతుంది.

ఇవి సిస్టర్లు చేసే పనులు. కాని ఒక్కో సిస్టరు ఎందరినో చూడాలి. మరిచిపోవడం జరుగుతుంది. 2020, 2021లో కరోనా వార్డుల్లోకి ఇంటివాళ్ళను రానివ్వలేదు. మామూలు రోజుల్లో అయితే కాసేపు లోపలికి పంపుతారు. ఆ కాసేపట్లో రోగి రెప్పల వైపు కూడా చూడండి. "సిస్టరమ్మా, మా నాయన కన్ను సగం తెరిచే ఉంది. కంట్లో మందు పెడుతున్నారా?" అని అడగండి. అడగడం తప్పు కాదు. మీరే ఏమీ వేయవద్దు. ఆముదం, చనుబాలు, ఆకు పసరు వంటివి అసలే వద్దు. ఎండిన కన్ను వాటికి తట్టుకోలేదు.

2021 వేసవిలో ఇంకో ముప్పు వచ్చింది. జనం దాన్ని బ్లాక్ ఫంగస్ అన్నారు. ఫంగస్ అంటే బూజు. నిలవ ఉన్న రొట్టె మీద బూజు చూస్తూనే ఉంటాం కదా! ఈ బూజు కూడా మట్టిలో, పెంటకుప్పలో, కుళ్ళిన ఆకుల్లో ఉంటుంది. గాలిలో కలిసి మన ముక్కులోకి పోతూనే ఉంటుంది. ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళను ఏమీ చేయదు. షుగరు అదుపులో లేనివాళ్ళను పట్టుకుంటుంది. ఒకరి నుండి ఒకరికి అంటదు.

మరి కరోనా తర్వాతే ఎందుకు అంతమందికి వచ్చింది? ముఖ్యంగా షుగరు, స్టిరాయిడు. స్టిరాయిడు చెడ్డ మందు కాదు. ఆక్సిజన్ మీద ఉన్న రోగుల్లో చావులు తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. కాని అది షుగరును పెంచుతుంది. రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తుంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళు కూడా ఇంట్లోనే ఆ మాత్రలు మింగారు. తమకు షుగరు ఉన్న సంగతే కొందరికి తెలియదు.

బూజు ముక్కులో మొదలవుతుంది. అక్కడి నుండి కంటి గుంతలోకి, తర్వాత మెదడుకు పాకుతుంది. రక్తనాళాలను మూసేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ఆ నలుపు చచ్చిన కండది, బూజుది కాదు. ముఖంలో ఒకవైపు నొప్పి, వాపు, ముక్కు నుండి నల్లటి జిగట, పళ్ళు కదలడం, రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం దీని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. ఆంఫోటెరిసిన్ అనే సూదిమందు ఇస్తారు. చచ్చిన కండను కోసి తీసేస్తారు. ఆలస్యమైతే ప్రాణం కోసం కన్నే తీసేయాల్సి వస్తుంది.

2021 మే 20న తెలంగాణ సర్కారు ప్రతి కేసూ తెలపాలని దవాఖానలను ఆదేశించింది. ఈ జబ్బుకు హైదరాబాదులోని కోఠి ఈఎన్‌టీ దవాఖానను పెద్ద కేంద్రం చేశారు. కంటి వైద్యానికి సరోజినీదేవి దవాఖాన డాక్టర్లు సాయం పట్టారు. సూదిమందు దొరక్క ఇంటివాళ్ళు షాపుల చుట్టూ తిరిగిన రోజులవి. జూన్ చివరికి దేశంలో 40 వేలకు పైగా కేసులు లెక్క తేలాయి. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే అంగవైకల్యం 30 శాతమే వేస్తారు. పింఛనుకు 40 శాతం కావాలి. కన్ను పోయిన కూలిమనిషికి ఈ లెక్క ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఇంటికి వచ్చినాక కూడా కొన్ని వారాలు కంటిని కనిపెట్టాలి. షుగరు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. డాక్టరు చెప్పకుండా స్టిరాయిడు మానకూడదు, పెంచకూడదు. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చీము కారినా కంటి డాక్టరుకు చూపించాలి. నొప్పి లేకుండా ఉన్నట్టుండి చూపు తగ్గితే అది ఇంకా తొందర పని. లోపలి రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు.

మెహదీపట్నంలో ఉన్న సరోజినీదేవి కంటి దవాఖాన సర్కారుది. పాల్మాకుల నుండి శంషాబాదు, ఆరాంఘర్ మీదుగా పోవచ్చు. పోయేటప్పుడు డిశ్చార్జి కాగితం, మందుల చీటీ, షుగరు పరీక్ష కాగితం పట్టుకుపోవాలి. స్టిరాయిడు ఎన్ని రోజులు ఇచ్చారు, మిషను మీద ఎన్ని రోజులు ఉంచారు అన్నది కంటి డాక్టరుకు ఆ కాగితాల్లోనే తెలుస్తుంది.