తెలుగు జానపద సంగీత సేకరణ, పరిరక్షణ

తెలుగునాట పల్లె ప్రజలు తరతరాలుగా నోటి ద్వారా అందించుకొంటూ వచ్చిన పాటలను, కథాగానాలను, వాద్య సంప్రదాయాలను సేకరించి భావితరాలకు దక్కేటట్లు చేయడాన్ని జానపద సంగీత పరిరక్షణ అంటారు. ఇలా సేకరించిన ధ్వనిముద్రణలను శాస్త్రీయ పద్ధతిలో నిలువచేసి, అడిగినవారికి వినిపించే సంస్థను ధ్వని భాండాగారం అనవచ్చు. జానపద గేయాల సాహిత్యం 19వ శతాబ్ది నుండి కాగితం మీదికి ఎక్కుతూ వచ్చింది. వాటి సంగీతం మాత్రం చాలా ఆలస్యంగా, చాలా కొద్దిగా భద్రపడింది. మాటలు మిగిలి వరుస పోవడమే ఈ రంగంలోని ప్రధాన సమస్య.

మాట, వరుస, పని

జానపద గేయంలో మాట, వరుస, లయ, పని అనే నాలుగూ కలిసి ఉంటాయి. దంపుడు పాటకు లయను నిర్ణయించేది రోకటి పోటు. ఏతాము పాటకు లయను ఇచ్చేది ఏతాము లేచి దిగే వేగం. నాట్ల పాటలో ఒకరు ఎత్తుకొనగా మిగిలినవారు అందుకొంటారు. ఆ అందుకొనే వ్యవధిలోనే చేతిలోని నారు మడిలో పడుతుంది. బియ్యపు మిల్లులు, విద్యుత్తు మోటార్లు వచ్చిన తరువాత ఆ పనులతో పాటు పాడే సందర్భాలు కూడా తగ్గిపోయాయి. పని ఆగిన చోట పాట జ్ఞాపకంగా మాత్రమే నిలుస్తుంది. పాడేవారు గతించగానే ఆ జ్ఞాపకమూ పోతుంది.

అచ్చు పుస్తకంలో ఈ నాలుగింటిలో మాట ఒక్కటే కనిపిస్తుంది. ఉదాహరణకు బతుకమ్మ పాటలో ప్రతి పాదం చివర వచ్చే ఊతపదాన్ని స్థలాభావం వలన ఒకటి రెండు సార్లు ముద్రించి వదలివేస్తారు. వలయంగా తిరుగుతూ చరిచే చప్పట్ల లయ పుటలో ఎక్కడా ఉండదు. కర్ణాటక సంగీతపు స్వరలిపిలో వ్రాసుకొన్నా కొంత ఇబ్బంది తప్పదు. స్వరానికీ స్వరానికీ నడుమ జారే గొంతు, హెచ్చరికగా వేసే కేక, శ్వాస కోసం ఆగే విరామం ఆ లిపికి లొంగవు. పైగా ఒకే గాయకుడు ఒకే పాటను రెండుసార్లు ఒకే విధంగా పాడడు.

గేయ సాహిత్య సేకరణ

తెలుగు తాళపత్ర గ్రంథాలను ఉద్ధరించిన సి.పి. బ్రౌన్ (1798–1884) జనం నోట ఉన్న కథాగేయాలను కూడా వ్రాయించి సేకరించాడు. జె.ఎ. బాయిల్ 1874లో ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో తెలుగు వీరగాథలపై వ్యాసం ప్రకటించాడు. సర్వాయి పాపని గాథ అందులో చోటు చేసుకొంది.

20వ శతాబ్దిలో నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి గేయాలు సేకరించి ‘మిన్నేరు’, ‘సెలయేరు’ వంటి సంపుటాలు వెలువరించాడు. బిరుదురాజు రామరాజు (1925–2010) ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1950వ దశకంలో చేసిన పరిశోధన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అనే గ్రంథమై, ఈ విషయాన్ని విశ్వవిద్యాలయ స్థాయి అధ్యయనంగా నిలబెట్టింది. నాయని కృష్ణకుమారి గేయగాథలపైన, తంగిరాల వెంకట సుబ్బారావు వీరగాథలపైన విశేష కృషి చేశారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథను గాయకుని నోట విని, ధ్వనిముద్రణ చేసి, 1982లో ఆంగ్లానువాదంతో గ్రంథంగా ప్రచురించాడు.

వీరిలో అధికులు సాహిత్య పండితులు కనుక వారి దృష్టి సహజంగానే పాఠం మీద నిలిచింది. సంగీతం వైపు నుండి వచ్చినవారిలో వింజమూరి అనసూయాదేవి (1920–2019), సీతాదేవి సోదరీమణులు ముఖ్యులు. పల్లె పాటలను వారు రేడియోలోను, సభావేదికల పైన పాడి నగర శ్రోతలకు పరిచయం చేశారు.

ధ్వనిముద్రణ

ఎడిసన్ 1877లో కనుగొన్న ఫోనోగ్రాఫును జానపద పాటల సేకరణకు మొదట వాడినవాడు జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్. ఈయన 1890లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పసమకోడి అనే ఆదివాసుల పాటలను మైనపు గొట్టాలపై ముద్రించాడు. 1899లో వియన్నాలోను, 1900లో బెర్లిన్‌లోను ధ్వని భాండాగారాలు ఏర్పడ్డాయి.

భారతదేశంలో గ్రామఫోను ముద్రణ 1902లో ప్రారంభమైంది. అయితే 78 భ్రమణాల రికార్డులో ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. రాత్రంతా సాగే ఒగ్గుకథకు, రోజుల తరబడి చెప్పే వీరగాథకు అది చాలదు. అందువలన రికార్డులకు ఎక్కినవి ఎక్కువగా చిన్న పాటలు, కథలలోని ముక్కలు. టేపు రికార్డరు వచ్చిన తరువాతనే దీర్ఘగానాలను పూర్తిగా ముద్రించడం సాధ్యపడింది. టేపు ఖరీదైనది కావడం వలన ప్రసార సంస్థలు ప్రసారమైన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపును మరల వాడుకొనే అలవాటు ప్రపంచమంతటా ఉండేది. ఈ విధంగా ఎన్నో గొంతులు ఒకసారి వినిపించి మాయమైనాయి.

అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ సంస్థ 1982లో మన దేశంలో సంగీత పరిశోధన కోసం ఒక ధ్వని భాండాగారాన్ని స్థాపించింది. ఇది ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. విదేశీ పరిశోధకులు ఇక్కడ ముద్రించి తమ దేశాలకు తీసుకొనిపోయిన పాటల ప్రతులను తిరిగి భారతదేశంలో ఉంచడం దీని ఆశయాలలో ఒకటి. తెలుగునాట 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద, గిరిజన విజ్ఞానాల కోసం ప్రత్యేక పీఠం ఉంది.

భద్రపరచే పద్ధతి

ధ్వనిముద్రణ చేసినంత మాత్రాన పాట భద్రమైనట్లు కాదు. తేమ, వేడి, బూజు టేపును పాడుచేస్తాయి. టేపు బాగున్నా దానిని వినిపించే యంత్రం దొరకని పరిస్థితి రావచ్చు. అందుచేత పాత ముద్రణలను సంఖ్యారూపంలోకి, అంటే డిజిటల్ రూపంలోకి మార్చుతారు. ఇందులో పాటించే ముఖ్య నియమాలు ఇవి:

* మూలప్రతిని కుదించని ఫైలుగా ఉంచాలి. సాధారణంగా సెకనుకు 96,000 నమూనాలు, 24 బిట్ల ప్రమాణాన్ని వాడతారు. ఈ ప్రమాణంలో ఒక గంట స్టీరియో ముద్రణకు సుమారు 2 గిగాబైట్ల స్థలం కావాలి.
* ఎంపీ3 వంటి కుదించిన ఫైళ్ళు వినడానికి మాత్రమే, దాచుకోవడానికి పనికిరావు.
* ప్రతులను వేరువేరు ఊళ్ళలో ఉంచాలి. ఒకచోట అగ్నిప్రమాదమో వరదో సంభవించినా మరొకచోట మిగులుతుంది.
* పాతబడే పరికరాల నుండి కొత్తవాటిలోకి కొన్నేళ్ళకొకసారి మార్చుతూ ఉండాలి.
* గాయకుని పేరు, ఊరు, తేదీ, పాడే సందర్భం, వాద్యాలు, పాట ఎవరి వద్ద నేర్చినదీ వ్రాసి ఉంచాలి.

చివరి నియమం మిగిలినవాటికంటె తేలిక; కాని తరచుగా విస్మరింపబడేది అదే. వివరాలు లేని ముద్రణ చిరునామా లేని ఉత్తరం వంటిది.

గాయకుని పేరు, హక్కు

రికార్డులపైన, సినిమా పేర్ల పట్టికలలోను రచయిత స్థానంలో ‘జానపదం’ అని వేయడం పరిపాటి. పాట అందరిదైనా పాడిన గొంతు ఒకరిది. భారత కాపీహక్కు చట్టానికి 1994లో చేసిన సవరణ గాయకులు, వాద్యకారులు మొదలైన ప్రదర్శకులకు ప్రత్యేక హక్కును కల్పించింది.

పేరు వ్రాసి ఉంచడం వలన కలిగే ప్రయోజనానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి మంచి ఉదాహరణ. అలన్ లోమాక్స్ 1959లో మిసిసిపీ రాష్ట్రంలోని ఒక కారాగారంలో, కట్టెలు కొడుతూ ఖైదీలు పాడిన పాటను ముద్రించి, ముందుండి పాడిన జేమ్స్ కార్టర్ పేరును నమోదు చేశాడు. 2000లో ఆ ముద్రణను ఒక చలనచిత్రంలో వాడుకొన్నారు. ఆ చిత్రపు పాటల ఆల్బం విశేషంగా అమ్ముడుపోయింది. ఆ పేరు ఆధారంగా వెదకి, 2002లో వృద్ధుడైన కార్టరుకు 20,000 డాలర్ల చెక్కును అందజేశారు. పేరు లేకుంటే ఆ సొమ్ము ఎవరికి చెందవలసినదో తెలిసేది కాదు.

నేటి స్థితి

ఒగ్గుకథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చిన చుక్కా సత్తయ్య 2017లో మరణించాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు, సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోను తెలుగులోను గానం చేసే డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. రామచంద్రయ్య 2024లో కన్నుమూశాడు. కిన్నెర చేయడానికి వెదురు, సొరబుర్ర, మైనం కావాలి. ఏ మెట్టు ఎక్కడ అతకాలో తెలిసిన చేయి కూడా కావాలి. కనుక పాటతో పాటు వాద్య నిర్మాణాన్ని, శిక్షణను దృశ్యరూపంలో నమోదు చేయడం అవసరం. భాండాగారంలోని ముద్రణ తిరిగి ఆ ఊరికి చేరి, అక్కడి పిల్లలు విని నేర్చినప్పుడే పరిరక్షణ పూర్తి అయినట్లు.

విద్యార్థులు చేయదగిన పని

చేతిఫోనుతో కూడా ఉపయోగకరమైన సేకరణ చేయవచ్చు. ముందుగా పాడేవారి అనుమతి తీసుకోవాలి. పంకా, టీవీ ఆపివేయాలి. ముద్రణ మొదట్లోనే గాయకుని పేరు, ఊరు, తేదీ పలికించాలి. పాట మధ్యలో ఆపి ప్రశ్నలు వేయరాదు. సందేహాలు చివర అడగాలి. పాడినవారికి ఒక ప్రతి తప్పక ఇవ్వాలి. ఇంటిలోని అమ్మమ్మ, నాయనమ్మల లాలిపాటలతో, పెండ్లిపాటలతో ఈ పని ప్రారంభించవచ్చు.

ఇవి కూడా చూడండి

* జానపద గేయాలు
* ఒగ్గుకథ
* బుర్రకథ
* కిన్నెర
* బతుకమ్మ