వెంచర్ మూలధనం: అప్పు కాదు, వాటా

ఈ విభాగం చదివిన తరువాత మీరు బ్యాంకు రుణానికీ వెంచర్ మూలధనానికీ గల తేడాను వివరించగలుగుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ఒక వెంచర్ సంస్థ గురించి తెలుసుకుంటారు. ఏ వ్యాపారానికి ఈ డబ్బు తగినదో నిర్ణయించగలుగుతారు.

6.1 పరిచయం

కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. ఎక్కువమంది వట్టి చేతులతో వెనుదిరుగుతారు. ఒకరిద్దరికి మాత్రం దశ తిరుగుతుంది. ఒక వ్యక్తి పదిమందికి ఖర్చులిచ్చి, దొరికినదానిలో వాటా అడిగాడనుకోండి. ఏమీ దొరకనివారి నుంచి ఆయన డబ్బు తిరిగి అడగడు. దొరికినవారి వాటాతోనే ఆ నష్టం పూడాలి. వెంచర్ మూలధనం స్వభావం స్థూలంగా ఇదే. అయితే వెంచర్ సంస్థ అదృష్టాన్ని నమ్ముకొని కూర్చోదు. వ్యాపారాన్నీ దాన్ని నడిపేవారినీ పరిశీలించి ఎంపిక చేస్తుంది. కంపెనీ బోర్డులో చేరి సలహాలిస్తుంది.

6.2 రుణం, వాటా

బ్యాంకు తాకట్టు లేదా పూచీ అడుగుతుంది. లాభం వచ్చినా, నష్టం వచ్చినా అసలు, వడ్డీ కట్టాలి. వెంచర్ సంస్థ ఈక్విటీ వాటా తీసుకుంటుంది. నెలవారీ కిస్తీ ఉండదు. కొన్నేళ్ల తరువాత ఆ వాటాను పబ్లిక్ ఇష్యూలోనో, మరో కంపెనీకో అమ్మి బయటపడుతుంది. దీన్ని 'నిష్క్రమణ' అంటారు. వ్యవస్థాపకుడు ఇక్కడ వడ్డీ చెల్లించడు కాని, యాజమాన్యంలో కొంత వదులుకుంటాడు.

6.3 చరిత్ర

అమెరికాలో 1946లో జార్జ్ డోరియో తదితరులు స్థాపించిన అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ సంస్థ ఈ రంగానికి ఆద్యం. అది 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీలో పెట్టిన 70,000 డాలర్ల విలువ వందల రెట్లు పెరిగింది.

భారత ప్రభుత్వం 1988లో వెంచర్ మూలధనంపై తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ అండతో ఏపీఐడీసీ వెంచర్ క్యాపిటల్ లిమిటెడ్ హైదరాబాదులో ఏర్పడింది. కాలక్రమంలో ప్రైవేటు నిర్వాహకుల చేతికి వచ్చి, శరత్ నారు నాయకత్వంలో 'వెంచర్‌ఈస్ట్'గా ఎదిగింది. ఈ రంగానికి సెబీ 1996లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి స్థానంలో 2012లో ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనలు వచ్చాయి.

6.4 రెండు పెట్టుబడులు

వెంచర్‌ఈస్ట్ నిధులు పొందిన బెంగళూరు కంపెనీ లిటిల్ ఐ ల్యాబ్స్, మొబైల్ యాప్‌ల పనితీరును పరీక్షించే సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. 2014 జనవరిలో ఫేస్‌బుక్ దాన్ని కొన్నది. భారతదేశంలో ఫేస్‌బుక్ కొన్న మొదటి కంపెనీ అదే.

రెండవది ఎంజైములు తయారుచేసే రిచ్‌కోర్ లైఫ్‌సైన్సెస్. 2020లో హైదరాబాదుకు చెందిన లారస్ ల్యాబ్స్ సుమారు 247 కోట్ల రూపాయలతో ఇందులో 72.55 శాతం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. వెంచర్‌ఈస్ట్ తదితరులు అలా నిష్క్రమించారు. రెండు సందర్భాల్లోనూ వెంచర్ సంస్థకు డబ్బు తెచ్చింది ఏటా వచ్చే లాభం కాదు, వాటా అమ్మకం.

6.5 లెక్క ఎలా ఉంటుంది?

ఒక ఊహాజనిత ఉదాహరణ చూడండి. 100 కోట్ల నిధిని పది కంపెనీల్లో పది కోట్ల చొప్పున పెట్టారు. ఐదు మూతపడ్డాయి. మూడు పెట్టిన డబ్బు మాత్రమే తిరిగి ఇచ్చాయి: 30 కోట్లు. ఒకటి మూడు రెట్లు ఇచ్చింది: 30 కోట్లు. చివరిది 12 రెట్లు: 120 కోట్లు. మొత్తం 180 కోట్లు. పదేళ్లకు ఇది ఏటా సుమారు 6 శాతం రాబడి మాత్రమే. అంత నష్టభయం మోసినవారికి ఇది చాలదు. కనుక వెంచర్ సంస్థ ప్రతి కంపెనీలోనూ ఎన్నో రెట్లు పెరిగే అవకాశాన్ని వెతుకుతుంది.

6.6 పత్తికొండకు అన్వయం

మీ స్నేహితురాలు పత్తికొండలో టమాటా గుజ్జు తయారుచేసే చిన్న యూనిట్ పెట్టాలనుకుంది. ధర పడిపోయినప్పుడు రైతు టమాటాను రోడ్డుపక్కన పారబోసే చోట ఇది అవసరమైన వ్యాపారమే. ఏటా నిలకడగా లాభం రావచ్చు. కాని పదేళ్లలో ఇరవై రెట్లు పెరగడం కష్టం. వెంచర్ సంస్థ కాదంటే ఆమె ఆలోచన చెడ్డదని అర్థం కాదు. ఆ డబ్బు లెక్క వేరు. ఆమెకు తగినది బ్యాంకు రుణం. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకం ఇలాంటి యూనిట్లకు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రుణంతో ముడిపడిన సబ్సిడీ కల్పించింది. అదే ఆమె టమాటాను నెలల తరబడి నిల్వ ఉంచే కొత్త పద్ధతిని కనిపెట్టి, దేశమంతటా అమ్మగలిగితే వెంచర్ సంస్థ తలుపు తట్టవచ్చు.

6.7 సారాంశం

వెంచర్ మూలధనం తిరిగి కట్టనక్కరలేని ఉచిత ధనం కాదు. యాజమాన్యంలో వాటాకు బదులుగా వచ్చే ధనం. డబ్బు కోసం వెతికేముందు మీ వ్యాపారం ఎంత వేగంగా, ఎంత దూరం పెరగగలదో లెక్కవేసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నిష్క్రమణ అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. 6.5లోని ఉదాహరణలో చివరి కంపెనీ కూడా మూతపడితే నిధికి మిగిలేది ఎంత?
3. మీ ఊరిలోని ఒక వ్యాపారాన్ని ఎంచుకొని, దానికి రుణం తగునో, వెంచర్ మూలధనం తగునో కారణాలతో రాయండి.