గృహజ్యోతి: జీరో బిల్లు ఎక్కడ ఆగిందో మీ సంఘం పట్టికే చెబుతుంది

గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి 27న ప్రారంభమైంది. అర్హత ఉన్న ఇంట్లో నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు వాడితే జీరో బిల్లు వస్తుంది. దీనికి తెల్ల రేషన్ కార్డు, ఆధార్, కరెంటు సర్వీసు నంబరు, ఈ మూడూ కలవాలి. ఒక్కటి తప్పినా మిగతా రెండూ సరిగ్గా ఉండి లాభం లేదు.

ఇల్లు మారితే ఏమవుతుంది?

అబిడ్స్, నాంపల్లి బస్తీల్లో అద్దెకు ఉండే లబ్ధిదారులు ఇది తప్పక చూసుకోవాలి. మల్లేపల్లి నుంచి చిరాగ్ అలీ లేన్‌కు ఇల్లు మారారనుకోండి. కార్డు అదే, ఆధార్ అదే, మీటరు మాత్రం వేరు. దరఖాస్తులో పాత నంబరే ఉంటే కొత్త ఇంటి బిల్లు మీరే కట్టుకోవాలి.

పట్టిక ఎలా వేయాలి?

మహిళా సంఘంలో ఒకరి ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉంటే చాలు. ఒక్కో కుటుంబానికి ఒక్కో వరుస. మొదటి వరుసలో ఈ తలకట్లు రాయండి:

ఏ – పేరు
బి – రేషన్ కార్డు
సి – ఆధార్
డి – మీటరు
ఇ – దరఖాస్తులో ఇచ్చిన సర్వీసు నంబరు
ఎఫ్ – ఇప్పటి బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు
జి – స్టేటస్

బి, సి గడుల్లో కాగితాలు చూసి "సరే" లేదా "తేడా" అని రాయండి. డి, జి గడుల్లో చేత్తో ఏమీ రాయొద్దు, ఫార్ములా పెట్టండి.

డి2లో: =ఇఫ్(ఇ2=ఎఫ్2,"సరే","తేడా")

జి2లో: =ఇఫ్(కౌంట్‌ఇఫ్(బి2:డి2,"సరే")=3,"పూర్తి","పెండింగ్")

ఇఫ్, కౌంట్‌ఇఫ్, గడుల పేర్లు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి. తర్వాత రెండు ఫార్ములాలనూ కింది వరుసలన్నిటికీ కాపీ చేయండి.

ఇక ఎవరైనా ఇల్లు మారితే ఎఫ్ గడిలో కొత్త నంబరు వేస్తే చాలు. డి "తేడా" అవుతుంది, దాన్ని బట్టి జి తనంతట తానే "పెండింగ్" అవుతుంది. నెల తిరిగి బిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఒక జాగ్రత్త: ఇ, ఎఫ్ రెండూ ఖాళీగా ఉన్నా ఫార్ములా "సరే" అనే చూపిస్తుంది. అందుకే బిల్లు చేతిలో పట్టుకుని నంబర్లు వేశాకే నమ్మండి.

తేడా వస్తే ఎక్కడికి వెళ్లాలి?

• రేషన్ కార్డు: మీసేవ కేంద్రం. సందేహాలకు 1967.
• ఆధార్: ఆధార్ కేంద్రం. సందేహాలకు 1947.
• మీటరు: మీ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రం. కొత్త బిల్లు, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు తీసుకెళ్లండి. బిల్లు గురించి అడగాలంటే 1912.

అయినా పని కాకపోతే హైదరాబాద్ కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి.

ఇవి మరవొద్దు

పట్టికలో "పూర్తి" అని వచ్చినంత మాత్రాన ప్రభుత్వ రికార్డు మారదు. అది మీరు ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికే. అన్నీ సరిగ్గా ఉన్నా, ఏ నెలలో 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. పట్టికలో ఎవరి ఆధార్ నంబరూ పూర్తిగా రాయకండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి.