మందు మానితే ఉపవాసమా?

భస్మ బుధవారం దాటిందో లేదో, కూటాల్లో ఏటా ఒక మాట తిరుగుతుంది: నలభై రోజుల ఉపవాసం పట్టినవాళ్లు మందులు ముట్టకూడదట, ముడితే విశ్వాసం లేనట్టేనట. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే వదిలేసి, వాంతులతో, ఆయాసంతో ఆస్పత్రికి చేరేది మన అమ్మలూ అత్తలూ.

"తిండే లేనప్పుడు ఇన్సులిన్ ఎందుకు?" అని తర్కం ఒకటి. కడుపు ఖాళీగా ఉన్నా కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది కాబట్టి. ఇన్సులిన్ బొత్తిగా లేకపోతే కొవ్వు కరిగి కీటోన్లు పేరుకుంటాయి, రక్తం ఆమ్లమవుతుంది. టైప్ 1 షుగర్ వాళ్లకు ఇలా కావడానికి ఒకటి రెండు రోజులు చాలు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ బిళ్ల ఎప్పటిలాగే వేసుకుని అన్నం మానేసినవాళ్లకు ఎదురు ప్రమాదం: షుగర్ పడిపోయి చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. అది చూసి ఆత్మ దిగిందని స్తోత్రాలు చెబితే ఎలా?

పోనీ, మందు మానమని లేఖనంలో ఉందా? కడుపు జబ్బున్న తిమోతికి పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. పౌలుకు తోడున్న లూకా వైద్యుడు. ఏలీయా నలభై రోజుల నడక కూడా దూత రెండుసార్లు లేపి తినిపించాకే మొదలైంది.

గొడవంతా మత్తయి 16:24లో యేసు పిలుపుకు మన తెలుగు బైబిల్ వాడిన "ఉపేక్షించుకొను" అన్న మాట దగ్గర. ఉపేక్ష అనగానే మనకు ఒంటిని గాలికొదిలేయడం గుర్తొస్తుంది. గ్రీకులో అక్కడున్న క్రియే 26వ అధ్యాయంలో పేతురు యేసును ఎరుగనని బొంకే సందర్భంలోనూ ఉంది. అంటే, నా మాటే నెగ్గాలని లోపల కూర్చున్నవాణ్ని చూసి "వీడెవడో నాకు తెలీదు" అనడం. ఎరుగననాల్సింది వాణ్ని, మూత్రపిండాలను కాదు.

మిగతా సందేహాలు చిన్నవి. నలభై రోజులూ ఉపవాసం ఉండి తీరాలా? కతోలిక నియమంలోనే ఉపవాసం తప్పనిసరి రోజులు రెండు, అదీ 18 నుంచి 59 ఏళ్లవాళ్లకు, రోగులకు మినహాయింపు. భార్యాభర్తల ఎడబాటు ఒక్కరి తీర్మానమా? ఇద్దరూ ఒప్పుకోవాలి, అదీ కొంతకాలమే, 1 కొరింథీ 7 చూసుకోండి.

"కాఫీ మానడమూ త్యాగమేనా" అని నేనూ నవ్వేవాణ్ని. మానిన మూడోరోజు పొద్దున్నే ఇంటిల్లిపాది మీదా అరిచాక, నాలో పెత్తనం ఎవరిదో తెలిసింది. కాబట్టి అదీ త్యాగమే అన్న మాటలో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు.

తన్ను తాను ఉపేక్షించుకొమ్మన్న యేసు పిలుపులో లూకా "ప్రతిదినము" అనే మాట చేర్చాడు. అది నలభై రోజులతో తీరేది కాదు. యెషయా 58లో దేవుడు విసుక్కున్నది ఉపవాసముండి పనివాళ్లను పీడించేవాళ్ల మీద. పనమ్మాయి జీతం ఆపి ఉపవాసం పట్టకండి. తల్లి మందుల డబ్బు కానుక పెట్టెలో వేయకండి. కొర్బాను, అంటే దేవార్పితం అన్న పేరుతో యేసు తిట్టింది సరిగ్గా ఆ పనినే.

మందులు వాడేవాళ్లు ముందుగా డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోండి, ఉపవాసం వద్దంటే ఉపవాసమే మానుకోండి. షుగర్ 70కి దిగువకు పడితే ఉపవాసం అప్పుడే విరిచి పంచదార నీళ్లు తాగండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. పాస్టరుగారూ, వచ్చే కూటం ప్రకటనల్లో ఒక్క ముక్క చేర్చండి: బిళ్లలు వేసుకునేవాళ్లు డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకునే రండి.