తిరిగొస్తానని రాసిస్తేనే

బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి మంచి మార్కులొక్కటే చాలవు. కనీసం 2,800 గంటల పని అనుభవం, అంటే దాదాపు రెండేళ్ల కొలువు, లెక్క చూపాలి. ఎంపికైతే ఏడాది పీజీకి ఫీజు, రానుపోను విమానం ఖర్చు, నెలనెలా భత్యం వాళ్లే ఇస్తారు. చదువయ్యాక మాత్రం సొంత దేశానికి తిరిగొచ్చి కనీసం రెండేళ్లు ఉండాలి.

ఈ చివరి షరతు మన ఇళ్లలో చాలామందికి మింగుడు పడదు. విదేశీ చదువంటే మనకు ముందు గుర్తొచ్చేది హెచ్1బీ వీసా మరి! అమెరికాలో పీజీకి సాయం చేసే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ తీసుకుంటే, రెండేళ్లు స్వదేశంలో గడిపితేగానీ ఆ వీసాకైనా గ్రీన్‌కార్డుకైనా అర్హత రాదు. అప్పు చేసి ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి ఈ కట్టడి ఉండదు. అయినా షరతులో న్యాయం లేకపోలేదు. పేద దేశాల చదువరులను సాయం పేరుతో తీసుకెళ్లి అక్కడే ఉంచేసుకుంటే ఆ దేశాలకు మిగిలేదేముంది?

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే అంబేడ్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు. బదులుగా పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం. 1917లో ఆ మాట ప్రకారమే వచ్చారు. కొలంబియాలో చదివొచ్చిన ఆ మనిషికి బరోడాలో ఉండడానికి గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగితే, కులం సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. కొలువు వదిలేసి వెళ్లిపోక తప్పలేదు. తిరిగి రావాలని ఒప్పందంలో ఉంది, వచ్చినవాడు ఎక్కడుండాలో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల విదేశీ పీజీకి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే పథకానికి ఆయన పేరే పెట్టారు. కేంద్రం ప్రధానంగా ఎస్సీల కోసం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది గానీ, అది ఏటా 125 మందికే. దేశం మొత్తం మీద!

జర్మనీ సంస్థ డాడ్ అభివృద్ధి చెందుతున్న దేశాలవారి కోసం ప్రత్యేకంగా నడిపే పీజీ పథకం కూడా చీవెనింగ్‌లాగే పని అనుభవం ఉన్నవాళ్లకే: రెండేళ్ల అనుభవం ఉండాలి, డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. డిగ్రీ చేతికి రాగానే బయల్దేరాలనుకునేవాళ్లకి యూరోపియన్ యూనియన్ వారి ఎరాస్మస్ ముండుస్ నయం. కనీసం రెండు దేశాల్లో చదివిస్తారు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు, తిరిగి వెళ్లిపోవాలన్న బాండు అడగరు. కాకపోతే ఏ కోర్సు దరఖాస్తు ఆ కోర్సుదే, గడువులూ వేరువేరు. చాలావాటికి జనవరి నాటికే గడువు ముగిసిపోతుంది గనుక, డిగ్రీ చివరి ఏడాది దసరా సెలవుల్లోనే సిఫారసు లేఖల కోసం లెక్చరర్ల దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది.