మరణం కాదు, దానం అడిగాడు

రెండు దశాబ్దాల కిందట హైదరాబాద్ యువకుడు వెంకటేష్ హైకోర్టు ముందు పెట్టిన ప్రశ్నకు చట్టం ఇప్పటికి సగమే జవాబు చెప్పింది

చదరంగం ఆటగాడు కె. వెంకటేష్ కోరిక చాలా సూటిగా ఉంది. తాను ఎలాగూ బతకడు. ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు పాడైపోయేలోగా వాటిని తీసి, అవి అవసరమైన వాళ్లకు ఇచ్చేయాలి. 2004 డిసెంబరులో హైదరాబాద్ ఆసుపత్రిలో కృత్రిమ శ్వాస మీద ఉన్న పాతికేళ్ల యువకుడి ఈ మాటను నెరవేర్చడానికి తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టారు. కన్నకొడుకు ప్రాణం నిలపమని కోర్టుకెక్కిన తల్లులున్నారు. ఈమె వచ్చింది అందుకు కాదు.

కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబరు 17న వెంకటేష్ కన్నుమూశాడు. ఇద్దామనుకున్న గుండె, కాలేయం, మూత్రపిండాలు ఎవరికీ అందలేదు. మిగిలినవి కళ్లే. వాటిని దానం చేశారు.

నిజానికి కోర్టు చేతిలో ఉన్నదీ తక్కువే. అవయవ మార్పిడిపై 1994లో వచ్చిన కేంద్ర చట్టమైనా, ఆ బాటలోనే 1995లో రాష్ట్రం చేసుకున్న చట్టమైనా ఒక గీత గీశాయి. బతికున్న మనిషి ఒక మూత్రపిండమో, కాలేయంలో ముక్కో ఇవ్వొచ్చు. గుండె లాంటివి తీయాలంటే దాత ముందు చనిపోవాలి. వెంటిలేటర్ మీద ఉన్న రోగి విషయంలో చనిపోవడమంటే మెదడు కాండం శాశ్వతంగా ఆగిపోయిందని నలుగురు డాక్టర్ల బృందం తేల్చడం. అదీ ఒకసారి కాదు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు.

వెంకటేష్ ఇరుక్కుపోయింది సరిగ్గా ఇక్కడే. అతడిది కండరాల క్షీణత వ్యాధి. ఈ తరహా జబ్బు ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. ముందు కాళ్లు పడిపోతాయి, తర్వాత చేతులు, చివరికి ఊపిరి ఆడించే కండరాలూ గుండే చచ్చుబడతాయి. మనిషి ఆలోచన మాత్రం చెక్కు చెదరదు. జబ్బు ముట్టని ఆ ఒక్క అవయవమూ చస్తే తప్ప మిగతావి ఇవ్వడానికి వీల్లేదంది చట్టం. స్పృహలో ఉండి, కావాలని అడుగుతున్నవాడికి దొరకని అనుమతి, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఏ మాటా చెప్పలేని స్థితిలో పడినవాడి బంధువులకు దొరుకుతుంది.

చావు హక్కు గురించి మన కోర్టులు వెంకటేష్‌కు ముందే చాలా మల్లగుల్లాలు పడ్డాయి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే ఐపీసీ 309 సెక్షన్ చెల్లుతుందని 1988లో చెన్న జగదీశ్వర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టే చెప్పింది. 1994లో పి. రత్నం కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి ఆ సెక్షన్‌ను కొట్టేసింది. రెండేళ్లు తిరక్కుండానే, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని మళ్లీ నిలబెట్టింది. జీవించే హక్కులో చచ్చే హక్కు లేదన్నది దాని సారాంశం. వెంకటేష్ కోర్టుకు వచ్చేనాటికి ఉన్న న్యాయం ఇదే.

తలుపు కొద్దిగా తెరుచుకుంది 2011లో. 1973లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో దాడికి గురై మంచానికే పరిమితమైన నర్సు అరుణా శానబాగ్ కేసులో, ఆమెకు ఆహారం ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు కానీ, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్స ఉపసంహరించవచ్చని సూత్రప్రాయంగా చెప్పింది. సహోద్యోగులు కంటికి రెప్పలా చూసుకున్న అరుణ 2015లో మరణించారు. ఇక 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం గౌరవంగా మరణించడం 21వ అధికరణం కింద హక్కేనంది. తెలివిగా ఉన్నప్పుడే తన చికిత్స గురించి ముందస్తు వీలునామా రాసుకోవచ్చంది. విషమిచ్చో, ఇంజెక్షన్ చేసో ప్రాణం తీయడం మాత్రం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే.

అంటే ఈ రోజు వెంకటేష్ ఉంటే? వెంటిలేటర్ వద్దనే హక్కు అతడికి ఉండేది. అది తీశాక గుండె ఆగితే, ఆ మరణాన్నీ అవయవ మార్పిడి చట్టం మరణంగానే గుర్తిస్తుంది. కాబట్టి కాగితం మీద దానానికి దారి ఉంది. కానీ గుండె ఆగిన క్షణం నుంచీ అవయవాలకు రక్తం అందదు. నిమిషాల్లో పని జరగాలి, అందుకు తగిన ఏర్పాటూ ఉండాలి. మన దేశంలో మరణానంతర దానాల్లో ఎక్కువ భాగం మెదడు చనిపోయిన వారి నుంచే. కారుణ్య మరణాన్ని 2002లోనే చట్టబద్ధం చేసిన బెల్జియంలో 2005 నుంచి అలా మరణించిన వారి అవయవాలు తీసుకుంటున్నారు. అక్కడ కూడా మరణం ముందు, కత్తి తర్వాత. బతికుండగానే తీసుకోమన్న వెంకటేష్ మాటకు అక్కడా చోటు లేదు.

ఉండకూడదనే వారి భయాన్ని తోసిపుచ్చలేం. మూత్రపిండాలు అమ్ముకున్న పేదల కథలు తెలుగు జిల్లాలకు కొత్త కాదు. మంచాన పడ్డవాడి అంగీకారం నిజంగా అతడిదేనా, ఇంట్లోవాళ్ల అలసట నుంచి పుట్టిందా అని ఎవరు తేలుస్తారు?

ఈ ప్రశ్నకు అసలు పరీక్ష హైదరాబాద్ ఐసీయూలో కంటే చిత్తూరు జిల్లా కోర్టు మెట్ల మీద ఎదురవుతుంది. 2016లో అక్కడి దంపతులు కాలేయం పాడైన పసిపాపతో తంబళ్లపల్లె కోర్టుకు వచ్చి కారుణ్య మరణానికి అనుమతి అడిగారు. మార్పిడి ఆపరేషన్‌కు లక్షలు పోయలేక. విషయం పేపర్లకెక్కాక ప్రభుత్వం ఖర్చు భరిస్తామని ముందుకొచ్చింది. అంతే, చావు కావాలన్న మాటే మళ్లీ వినపడలేదు. 2021 జూన్‌లో అదే జిల్లాలో ఓ తల్లి జబ్బుతో నలిగిపోతున్న తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని పుంగనూరు కోర్టుకు వెళ్లింది. తిరుగు ప్రయాణంలో ఆటోలోనే బాబు ప్రాణం పోయింది.

ఇలాంటి అనుమతి ఇచ్చే అధికారం ఆ కింది కోర్టులకు లేదు. ఆ పిల్లలెవరూ తీసేయడానికి వెంటిలేటర్ మీదా లేరు. చట్టం దృష్టిలో ఆ పిటిషన్లకు విలువ లేదు. కానీ డబ్బుల్లేక చావు అడగడాన్ని హక్కుల చర్చలో కలిపేస్తే, నిజంగా హక్కు అడిగిన వెంకటేష్‌కూ అన్యాయమే, మందు అడుగుతున్న ఆ తల్లికీ అన్యాయమే. ఆమెకు కావలసింది ఉపశమన చికిత్స, నొప్పి తగ్గించే మందు, ఇంటికొచ్చి చూసే నర్సు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ వైద్యం ఏళ్లుగా అందుతోంది. పుంగనూరు నుంచి అక్కడికి ఎన్ని బస్సులు మారాలో లెక్కేసుకోవలసిందే.

వీలునామా రాసుకోవాలనుకునే మధ్యతరగతి వారికి మాత్రం పని కాస్త తేలికైంది. 2018 తీర్పు ప్రకారం జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకం కావాలి. అది అయ్యే పని కాదని తేలాక, 2023 జనవరిలో సుప్రీంకోర్టు నిబంధనలు సడలించింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. అమలుకు ఆసుపత్రిలో ఒక వైద్య బోర్డు, దాని మీద మరో బోర్డు, ఒక్కోదానికి వీలైనంతవరకు 48 గంటల గడువు. ఒక ప్రతిని స్థానిక సంస్థలో ఇందుకు నియమించిన అధికారి దగ్గర భద్రపరచాలి. మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి ఆ అధికారి ఎవరని అడిగి చూడండి. ఏ సీటు దగ్గరికి పంపుతారో.