జిహ్వకు అక్షరాభ్యాసము

పారిసు నగరమున మడెలీన్ దేవాలయమునకు చేరువనున్న ఒక ఇరుకు సందులో, 1970వ దశకపు తొలినాళ్లయందు, స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ యువకుడొకడు చిన్న వైను దుకాణము నడుపుచుండెను. వైను సంగతి ఉగ్గుపాలతోనే తమకు తెలియునని నమ్ముకొన్న జనము నడుమ, సముద్రమునకు ఆవలినుండి వచ్చిన పరదేశి యొకడు ఆ సరుకునే అమ్మకూర్చుండుట సాహసమే యగును. అతడంతటితో ఊరకుండక, సీసా కొనదలచినవారు కొనుటకు ముందే రుచి చూచి నిర్ణయించుకొనవచ్చునను పద్ధతి పెట్టి, 1973లో 'అకాడెమీ దు వాన్' అను పాఠశాలను సైతము నెలకొల్పెను. వైనును గూర్చి తెలియకుండుట సిగ్గుపడవలసిన దోషము కాదనియు, అక్షరము రానివానికి బడి యున్నట్లే ఈ రుచి తెలియనివానికిని ఓనమాలు దిద్దించు తావు ఒకటి ఉండదగుననియు అతడు తలపోసెను కాబోలు.

ఇట్టి బడులలో పట్టాలకంటె ముఖ్యమైనది బల్లమీది గ్లాసుల వరుస. ఒక్కొక్కదానిలో రెండు మూడు గుటకల వైను పోసి, దీనికిని దానికిని భేదమేమో చెప్పుడని అడుగుటయే అచ్చటి బోధనాక్రమము. అడిగినంతనే జవాబు రాదు. కాని ప్రథమ విద్యార్థి తెలిసికొనవలసినదంతయు ఆ ప్రశ్నలోనే ఇమిడియున్నదని నా నమ్మకము. ఒంటిగా త్రాగిన గ్లాసు బాగున్నదనియో బాగులేదనియో మాత్రమే చెప్పి ఊరకుండును; ప్రక్కన రెండవది నిలిచినప్పుడే జిహ్వకు మాటలు వచ్చును.

వైను పుట్టుకలో గూఢమైనది మిక్కిలి తక్కువ. చితికిన ద్రాక్షను విడిచిపెట్టినచో అది తనంత తానే వైనగుటకు యత్నించును: ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వెలువరించును. లూయీ పాశ్చర్ 1866లో వైనును గూర్చి ప్రత్యేక గ్రంథమొకటి వెలువరించి, అది చెడిపోవుటకు సైతము సూక్ష్మజీవులే కారణమని చూపునంతవరకు, మనుష్యులు వేలయేండ్లుగా కారణమెరుగకయే కార్యము సాధించుచుండిరి. జార్జియా దేశపు త్రవ్వకములలో దొరకిన సుమారు 8,000 సంవత్సరములనాటి కుండపెంకులయందు ద్రాక్షవైను ఆనవాళ్లు బయల్పడినవి. ఆ దేశీయులు నేటికిని క్వెవ్రీలనబడు పెద్ద కాగులను అంచువరకు భూమిలో పాతి, వానియందే వైనును పులియబెట్టుచున్నారు.

నల్లద్రాక్షలలో చాలవాటి రసము సైతము రంగులేనిదే. వన్నె యంతయు తోలులో ఉండును. తోలుతో కూడ పులిసినది ఎర్రవైను, తోలు తీసివేసి రసమును మాత్రము పులియబెట్టినది తెల్లవైను, కొన్ని గంటలపాటు తోలుతో నానిన పిదప వేరుచేయబడినది గులాబివన్నెగల రోజే. తోలునుండియు గింజలనుండియు రంగుతోబాటు టానిన్ అను పదార్థమొకటి రసములోనికి దిగును. లాలాజలములోని మాంసకృత్తులతో అది ముడివడి నోటి జారుదనమును హరించుటవలన నాలుక పట్టుకొనిపోయినట్లగును. యూరపు శాస్త్రజ్ఞులు దీనిని రుచిగాగాక స్పర్శగా పరిగణించి పెక్కు పుటలు వ్రాసిరి. నేరేడుపండ్లు తిని నాలుక నీలముచేసికొన్న బాల్యము గల తెలుగువానికి అంత వివరణ అక్కరలేదు. వగరు మనకు షడ్రుచులలో ఒకటి, ఉగాదినాడు ఎదురుచూచి తినునది. ఐనను మనవాడు మొదటిసారి ఎర్రవైను పుచ్చుకొని ముఖము చిట్లించి, ఇది పులిసిపోయినదని తీర్పు చెప్పుట కద్దు. పులుపును వగరును విడదీయుట ఇందు తొలిపాఠము: గుటక దిగిన పిదప నోట నీరూరినచో అది ఆమ్లము, నోరారినచో అది టానిన్. తెల్లవైనులో మొదటిది హెచ్చు, ఎర్రవైనులో రెండును ఉండును. పండువాసన రాగానే వైను తియ్యనిదనుకొనుట మరియొక భ్రాంతి. ముక్కు మూసికొని ఒక గుటక వేసినచో చక్కెర ఉన్నదో లేదో తేలిపోవును.

ఆ ముక్కు తెరచినప్పుడు గాని అసలు సంపద కనబడదు. నాలుక ఎరిగిన రుచులు వ్రేళ్లపై లెక్కించదగినవి, వాసనలకు అంతు లేదు. నోటిలోని వైను ఆవిరి గొంతు వెనుకనుండి ముక్కునకెక్కుటనే మనము చాలవరకు రుచి యని వ్యవహరించుచున్నాము. గ్లాసు అడుగున వెడల్పుగాను అంచున ముడుచుకొనియు ఉండుట ఆ వాసనలను నిలుపుటకే. వైను పరీక్షకై 1977లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ నిర్ణయించిన గ్లాసు తులిపుమొగ్గ ఆకృతి గలది, చిన్నది. ఒక్కొక్క ద్రాక్షజాతికి ఒక్కొక్క గ్లాసు కొనవలెనని చెప్పువారి మాట గ్లాసులమ్మువారికే హితకరము. మూడవవంతుకు మించకుండ పోసి, ఒకసారి త్రిప్పి, ముక్కు లోనికి పెట్టి వాసన చూడవలెను.

చూచి ఏమనవలెను? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో ఆచార్యురాలైన ఆన్ నోబుల్ 1980వ దశకమున వైను వాసనలన్నిటిని ఒక చక్రముగా కూర్చెను. పూలు, పండ్లు, మసాలాలు, మన్ను, కొయ్య అను వర్గములనుండి ఉపవర్గములకు దారితీయు ఆ చక్రము ఎందరికో ఉపకరించినది. ఐతే అందలి బ్లాక్‌కరెంటు, గూస్‌బెర్రీ వంటివి మన పెరళ్లలో కాయవు. ఎన్నడును తినని పండ్ల పేర్లు వల్లెవేయుట వృథా. పోపులపెట్టె చెంత పెరిగిన ముక్కునకు దాని సొంత నిఘంటువు కలదు. షిరాజ్ వైనులో తోచు మిరియపు ఘాటు కవుల ఊహ కాదు: రోటండోన్ అను ద్రవ్యము అందుకు కారణమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించిరి, మిరియములకు ఆ వాసన నిచ్చునదియు అదియే. ఫ్రాన్సు తూర్పుకొసనున్న జూరా ప్రాంతమున వాన్ జోన్ అను పసుపువన్నె వైను కలదు. పీపాలో తరిగిపోయినదానిని నింపకయే, పైన ఈస్టు తెట్టు కట్టనిచ్చి, ఆరేండ్లకు పైబడి ఉంచుదురు. దాని విశిష్ట గంధమునకు మూలమైన సొటొలోన్ మెంతులలో పుష్కలముగా ఉన్నది. ఫ్రెంచి విద్యార్థి శ్రమపడి అభ్యసింపవలసిన ఆ వాసనను మన ఇంటి ఇల్లాలు గ్లాసు ముక్కుచెంతకు రాకమునుపే గుర్తించగలదు.

ఇక రెండు గ్లాసుల మాట. ఒకదానిలో ఫ్రాన్సునందలి షాబ్లీ వైనును, రెండవదానిలో కాలిఫోర్నియానుండి వచ్చిన, ఓకు పీపాలో పెరిగిన షార్డొనేను పోయుడు. రెండును ఒకే షార్డొనే ద్రాక్ష సంతానము. షాబ్లీ చలిప్రదేశము, సముద్రప్రాణుల శిలాజములతో నిండిన సున్నపునేల, వసంతమున మంచుకు మొగ్గ మాడిపోవునేమో యని రైతు రాత్రులు మేల్కొని కాచుకొను తావు. అచ్చటి వైను పెక్కుచోట్ల ఉక్కుతొట్లయందే పులిసి, సన్నగా, సూటిగా, నిమ్మకాయ పులుపుతో నిలుచును. వెచ్చనియెండకు పండిన రెండవదానిలో ఆమ్లము తగ్గి ఆల్కహాలు పెరిగి, పీపానుండి వనిల్లా, కొబ్బరి వాసనలును, వానికితోడు వెన్నవాసనయు చేరును. ఈ వెన్న పీపాది కాదు. ద్రాక్షలోని మాలిక్ ఆమ్లమును లాక్టిక్ ఆమ్లముగా, అనగా పెరుగులోనున్న ఆమ్లముగా, మార్చు సూక్ష్మజీవుల కానుక. నేల, ఎండ, పీపా, మనుష్యుని సంకల్పము అను నాలుగును ఏది ఎంత పని చేయునో ఈ రెండు గ్లాసులు అరగంటలో చెప్పినంతగా ఏ గ్రంథమును చెప్పజాలదు.

షాబ్లీ సీసాపై షార్డొనే యను పేరు సాధారణముగా కానరాదు. సాన్‌సేర్ సీసాపై సోవిన్యాన్ బ్లాన్ అనియు ఉండదు. ఫ్రెంచివారు ద్రాక్షజాతిని గాక ఊరిని చెప్పుదురు, తెలిసినవాడు గ్రహించుకొనవలెనన్నది వారి ధోరణి. క్రొత్తవానికి ఇది విసుగు పుట్టించును గాని, మన దేశమునకు ఈ పద్ధతి అపరిచితమైనది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని విధులు చెప్పుచు, ద్రాక్షారసముతో చేసిన మద్యము పుట్టిన దేశమునుబట్టి కాపిశాయనమనియు హారహూరకమనియు పిలువబడునని పేర్కొనెను.

నేడు భారతదేశమున వైనుకు పెట్టినది పేరు నాసిక. అచ్చటి సూలా సంస్థ తొలివైను 2000లో వెలువడినది. బెంగుళూరు చెంత నందికొండల దిగువ గ్రోవర్ వారి తోటలు అంతకంటె పాతవి. ఉష్ణదేశమున తీగకు శీతనిద్ర లేదు గనుక రైతు ఏటికి రెండుమారులు కొమ్మలు కత్తిరించి, జనవరి మార్చి నెలల నడుమ పంట కోసికొనును. నాసిక సోవిన్యాన్ బ్లాన్‌ను న్యూజీలాండు మార్ల్‌బరోనుండి వచ్చిన దానితో ప్రక్కప్రక్కన పోసి చూచుట మనకు సులభసాధ్యమైన రెండవ పాఠము. హైదరాబాదు చుట్టుపట్ల తోటలలో ఒకప్పుడు విరివిగా పండిన అనాబె షాహీ మాత్రము ఇందుకు పనికివచ్చునది కాదు. పెద్దపండు, నీరు హెచ్చు. తినుటకు మధురమైన ద్రాక్ష మంచి వైనగునన్న నియమము లేదు.

మన ఎండల విషయమున ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఎర్రవైనును గది వేడిమిలో ఇయ్యవలెనను సూత్రము యూరపునందలి చల్లని రాతియిండ్లలో పుట్టినది, ఆ గది వేడిమి పదునెనిమిది డిగ్రీలకు మించదు. మే నెలలో విజయవాడ గదిలో నిలిపిన సీసాను అట్లే తెరచినచో ఆల్కహాలు ఘాటు తప్ప మరేమియు తెలియదు. అరగంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయుట అపచారము కాదు, అవసరము. తెల్లవైనును మరింత చల్లగా, పది డిగ్రీల ప్రాంతమున ఇత్తురు. గడ్డకట్టునంత చల్లబరచినచో వాసన ముడుచుకొనిపోవును. మన భోజనమునకు వచ్చునప్పటికి, ఆవకాయ ప్రక్కన టానిన్ హెచ్చైన ఎర్రవైను పెట్టుట నాలుకను శిక్షించుటయే. కారమును ఆల్కహాలు రెచ్చగొట్టును, వగరు దానికి ఆజ్యము పోయును. జర్మనీ మోజెల్ లోయనుండి వచ్చు తేలికపాటి రీస్లింగ్ వైనులలో కొన్ని ఎనిమిది తొమ్మిది శాతము ఆల్కహాలుతో కొంచెము తియ్యగా ఉండి, గుత్తివంకాయతో సైతము పొసగును.

ధరను, పేరును ఎంతవరకు నమ్మవలెనన్నది ప్రతి విద్యార్థికి తటస్థించు ప్రశ్న. 1855లో పారిసు ప్రదర్శనకై మూడవ నెపోలియన్ కోరికపై బోర్డో ఎర్రవైనులను ఐదు శ్రేణులుగా విభజించినవారు రుచి పరీక్షకులు కారు, దళారులు. వారికి ఆధారము అంతకుముందరి అమ్మకపు ధరలు. 1973లో మూటాన్ రోత్‌షీల్డ్ రెండవ శ్రేణినుండి మొదటికి ఎక్కుట తప్ప ఆ పట్టిక నేటికిని దాదాపు అట్లే నిలిచియున్నది. ఆ పిమ్మట మూడేండ్లకే, 1976 మే 24న, మన స్పరియర్ పారిసు హోటలులో తొమ్మండుగురు ఫ్రెంచి నిపుణులను కూర్చుండబెట్టి, సీసాల పేర్లు మరుగుపరచి, ఫ్రాన్సు వైనులతో కాలిఫోర్నియావానిని కలిపి పరీక్షింపజేసెను. కాలిఫోర్నియా గెలుచునని అతడును తలంపలేదు. తెల్లవానిలో షాటో మాంటెలీనాయు, ఎర్రవానిలో స్టాగ్స్ లీప్ వైన్ సెలార్స్ వారిదియు, రెండును 1973 పంటవే, ప్రథమస్థానమునందినవి. ఆ మూటాన్ రెండవస్థానమున నిలిచెను. రుచి చూచుచున్న పెద్దలలో ఒకరు కాలిఫోర్నియా వైనునే చప్పరించి, ఆహా, తిరిగి ఫ్రాన్సునకు వచ్చితిమని సంతోషించిరట! ఇందువలన కాలిఫోర్నియాయే గొప్పదని తీర్మానించుట తొందరపాటు. మార్కుల భేదము స్వల్పము, ఒకే గ్లాసునకు ఒకరు మెచ్చి ఇచ్చినవి వేరు, మరొకరు విసరివేసినవి వేరు. తేలినది ఒక్కటే, సీసాపై చీటీని చదివినవాని నాలుక స్వతంత్రముగా పనిచేయదు.

అంతకంటె కఠినమైన పరీక్ష 2001లో ప్రకటితమైనది. బోర్డోలో వైనుశాస్త్రము చదువుచున్న 54 మంది విద్యార్థులకు పరిశోధకులు ఒక తెల్లవైనును, వాసన లేని రంగుతో ఎర్రబరచిన అదే తెల్లవైనును ఇచ్చి వర్ణింపుమనిరి. ఎర్రని గ్లాసును వారు ఎర్రవైనునకు వాడు మాటలతోనే వర్ణించిరి. దీనిని చూపి వైను విద్య యంతయు బూటకమనువారు కలరు. నాకట్లు తోచదు. కన్ను ముక్కునకంటె ముందు తీర్పు చెప్పునని తెలిసినవాడు సీసాకు కాగితము చుట్టి, మిత్రునిచే పోయించుకొని, ఊహించి, తప్పి, నవ్వుకొనును. ఈ విద్యలో వినోదమంతయు అచ్చటనే ఉన్నది.

ఒకటి రెండు గుటకల పరీక్షకు నాలుగైదు వైనులు పెట్టినప్పుడు ప్రక్కన ఉమ్ముటకు పాత్ర యుంచుట వృత్తివారి ఆచారము, గృహస్థులకును అదే మేలు. ఎర్రవైను గుండెకు మంచిదను వాదమును నేను నమ్మను. ఏ పరిమాణమందును మద్యము నిరపాయకరము కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో స్పష్టముగా చెప్పినది. త్రాగనివాడు ఇందుకై ఆరంభింప నక్కరలేదు. త్రాగువాడు కొలది తగ్గించి గమనిక పెంచుకొనుట ఉత్తమము.

750 మిల్లీలీటర్ల సీసా ఇద్దరికి ఒక పూటకు ఎక్కువే. మిగిలినదానికి బిరడా బిగించి, ఎర్రదైనను తెల్లదైనను ఫ్రిజ్‌లోనే నిలువుగా పెట్టి, మరునాడు మరల ఒక గుటక చూడవలెను; నిన్న ముడుచుకొనియున్న వైను కొన్ని పర్యాయములు నేడు విచ్చుకొనును, వగరు మెత్తబడును. మూడు నాలుగు దినములైనంత గాలి సోకి పండువాసన సన్నగిల్లి, ఎండు ఆపిలు వాసనయు, తరువాత వెనిగరు ఘాటును తలయెత్తును. అప్పటికి దానిని త్రాగుట మాని, ఉల్లిపాయలు వేగుచున్న మూకుడులో పోయవచ్చును.